మా గైడు నా చేత సంచి మోయించలేదు

అమలాపురం నుంచి రాజోలు దాకా, గోదావరి దాటితే నరసాపురంలో కూడా, కాలేజీ స్టాఫ్ రూముల్లో మా రీసెర్చ్ గైడు గురించి ఒక కథ తిరుగుతోంది. ఆయన తన స్కాలర్‌కి నేల మీద ఒక్క గంట కూడా ఇవ్వలేదట. పీహెచ్‌డీ మొత్తం నది దాటే పంటు మీద నిలబెట్టి చేయించాడట. పంటు దిగాక తన కూరగాయల సంచి అతని చేత ఇంటిదాకా మోయించేవాడట. కథ చివర్లో పంటు వెళ్లి ఒడ్డుకి గుద్దుకుంటుంది. ఆ కుదుపుకి ఆయన చేతిలో పెన్ను జారి థీసిస్ మీద సంతకం పడిపోతుంది. అక్కడ అందరూ నవ్వుతారు. ఎన్నోసార్లు చూశాను, ఎవరు చెప్పినా అక్కడ నవ్వుతారు.

ఆ స్కాలర్‌ని నేనే. ఆ కథ కట్టిందీ నేనే. అందులో పంటు ఒక్కటే నిజం.

కార్లూ, మోటారు సైకిళ్లూ, మనుషులూ కలిసి నది దాటే వెడల్పాటి పడవని మా వైపు పంటు అంటారు. సఖినేటిపల్లి రేవులో ఎక్కితే నరసాపురంలో దిగుతాం. అప్పట్లో నేను మలికిపురం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. గైడుగారు అవతలి ఒడ్డున కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఇల్లూ అక్కడే. నా పరిశోధన గోదావరి రేవుల మీద. ఎక్కడెక్కడ రేవులుండేవి, ఏవి మూతపడ్డాయి, వాటిని నమ్ముకున్న ఊళ్లు ఏమయ్యాయి అన్నది.

చిక్కల్లా ఆయన్ని కలవడంలోనే వచ్చింది. నా స్కూలు వదిలేసరికి ఆయన కాలేజీ మూసేసేవారు. చీకటి పడ్డాక ఆయన ఇంటికి వెళ్తే తిరిగి మా ఊరు చేరడానికి బస్సు ఉండదు. ఆదివారం రమ్మన్నారు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేది నేను. నేను వెళ్లకపోతే పాస్టరుగారి తమ్ముడు వాయిస్తాడు. అలా జరగకూడదని సంఘమంతా ప్రార్థన చేసుకునేది. ఈ సంగతి చెప్తే ఆయన నవ్వి, కాసేపు ఆలోచించి, అయితే సాయంత్రం పంటు మీద తనే ఇవతలికి వస్తానన్నారు. ఇద్దరం కలిసి అదే పంటు మీద అటు వెళ్లాలి, ఆ దాటేటప్పుడే చాప్టర్ చదవాలి, ఆయన ఇంటికి వెళ్లిపోతారు, నేను తిరుగు పంటు మీద వచ్చెయ్యాలి. అంటే ఆయన ఒక రోజులో నది రెండుసార్లు దాటేది నా కోసమే. ఇవతలి ఒడ్డున ఆయనకి వేరే పనేమీ లేదు. ఈ ముక్క నాకు మొదటిరోజు నుంచీ తెలుసు.

ఆయనది ఒక పద్ధతి. చాప్టర్ ఆయన కళ్లతో చదవరు, నా చేత పైకి చదివిస్తారు. పంటు ఇంజను చప్పుడులో పక్కవాడితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. అందులోంచి నా వాక్యం ఆయన చెవిదాకా చేరాలి. పొడుగు వాక్యం ఎత్తుకుంటే సగంలో ఊపిరి అయిపోయేది, మిగతా సగం గోదాట్లో కలిసిపోయేది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "కర్త ఎక్కడ దిగిపోయాడోయ్?" అనేవారు. నేను మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. వినపడని వాక్యాన్ని కొట్టేయించేవారు. వినపడ్డ వాక్యానికి మాత్రం, "దీనికి ఆధారం?" అని అడిగేవారు. ఒడ్డు వచ్చేలోపు ఎంత అయితే అంతే ఆ రోజుకి పని.

ఇవాళ నేను పొట్టి వాక్యాలు రాస్తానని ఎవరైనా మెచ్చుకుంటే ఆ పుణ్యం పంటు ఇంజనుది.

పంటు ఎక్కిన జనానికి మేం అలవాటైపోయాం. ఇవతలి ఊళ్లలో చేపలమ్ముకుని ఖాళీ గంపతో వెనక్కి వెళ్లే పెద్దావిడ ఒకరు రోజూ మా పక్కనే కూర్చునేవారు. చాలా రోజులు విని, ఒక సాయంత్రం ఆవిడ గైడుగారిని అడిగారు.

"ఏమండీ మాస్టారూ, ఈ బాబు ఇంకా పాసవ్వలేదాండి?"

"అవుతాడండి. కాస్త గట్టిగా చదవమని మీరూ చెప్పండి."

"గట్టిగానే చదువుతున్నాడండి. నాకు కునుకు పట్టడం లేదు."

ఆ రోజు నుంచి నేను చదవడం మొదలెట్టే ముందు ఆవిడ గంప ఎత్తుకుని పంటు అవతలి చివరికి వెళ్లిపోయేవారు. గైడుగారు దాన్ని నా మొదటి సమీక్ష అనేవారు.

సంచి సంగతి కూడా చెప్పాలి. సంచి ఉండేది. గుడ్డ సంచి, ఆయన భుజానికే ఉండేది. వానాకాలం నా దగ్గర ఉంటే తడిసిపోతాయని నా చాప్టర్లన్నీ అందులోనే పెట్టుకుని ఆయనే మోసేవారు. వాటితోపాటు ఒక డబ్బా ఉండేది. స్కూలు నుంచి ఆకలితో వస్తానని ఆయన భార్య జంతికలో, సున్నుండలో వేసి పంపేవారు. ఇక సంతకం. అది పంటు మీద పడలేదు. వాళ్లింట్లో భోజనాల బల్ల మీద పెట్టారు. పెట్టే ముందు ఆవకాయ మరక అంటకుండా బల్లని తన కండువాతో రెండుసార్లు తుడిచారు. థీసిస్ మళ్లీ మొదటి నుంచి తిరగేసి, ఒక వాక్యం దగ్గర ఆగి, ఇది పంటు మీద వినలేదే అని, అప్పుడు నా చేత చదివించి మరీ పెట్టారు.

ఇలాంటి గైడు గురించి అలాంటి కథ ఎందుకు కట్టాను?

డాక్టరేటు వచ్చాక నాకు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీలు విప్పుకునే వేళ పీహెచ్‌డీ చేసినవాళ్లందరికీ ఒకటే కాలక్షేపం. తమ గైడు తమని ఎంత ఏడిపించాడో చెప్పుకోవడం. కెమిస్ట్రీ ఆయన తన గైడుగారి అత్తగారిని కంటి ఆసుపత్రికి తిప్పారు. ఆవిడ ఇప్పటికీ ఆయన్ని డ్రైవరుగారూ అనే పిలుస్తుందట. కామర్స్ ఆయన గైడుగారి అబ్బాయికి ఎక్కాలు నేర్పారు. వాడు లెక్కల్లో తప్పితే ఈయన వైవా వెనక్కి పోయింది. జువాలజీ ఆయన గైడుగారి రొయ్యల చెరువుకి కాపలా పడుకున్నారు. ఇవన్నీ వాళ్లు బాధపడుతూ చెప్పేవారు కాదు. సన్మానంలో కప్పిన శాలువా చూపించినట్టు చూపించేవారు.

ఒక రోజు నా వంతు వచ్చింది. నేను నిజమే చెప్పాను. ఏమీ చేయించలేదండి, ఆయనే నది దాటి వచ్చి చెప్పేవారు అన్నాను. కెమిస్ట్రీ ఆయన పెరుగన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండా అన్నారు.

"అయితే మీకు తేలిగ్గా వచ్చేసిందన్నమాటండి, డాక్టరేటు."

ఆయన మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. నాకే గుచ్చుకుంది. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్లిన మనిషి. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కణ్ణే. అలాంటి నా డాక్టరేటుని తేలిగ్గా వచ్చింది అంటే భరించలేకపోయాను. నాకు కష్టం లేదని కాదు. వాళ్లు చెప్పుకునే రకం కష్టం లేదు.

మర్నాడు క్యారేజీ విప్పుతూ పంటు కథ చెప్పాను. నిన్న మొహమాటపడి దాచానండి అని మొదలుపెట్టాను. ఆయన నా కోసం నది దాటేవారన్న ముక్క తీసేస్తే చాలు, మిగతాదంతా దానంతటదే తమాషాగా మారింది. ఆ ముక్క ఉంటే నవ్వు రాదు. సంచి ఆయన భుజం మీంచి నా భుజం మీదకి మార్చాను. సంతకం జారిపడటం చివర్లో అప్పటికప్పుడు తోచింది. కామర్స్ ఆయనకి పొలమారింది. కెమిస్ట్రీ ఆయన లేచి వచ్చి నా భుజం తట్టారు. ఆ రోజుతో నేనూ వాళ్లలో ఒకణ్ణయ్యాను.

తర్వాత ఆ కథకి నాతో పని లేకుండా పోయింది. ఒకసారి కొత్తపేటలో సెమినారుకి వెళ్లాను. భోజనాల దగ్గర చేతులు కడుక్కునే వరసలో నా ముందున్న ఆయనెవరో వెనక్కి తిరిగి నాకే ఆ కథ చెప్పారు. అందులో స్కాలరు గైడుగారి గేదెకి గడ్డి కూడా కోస్తున్నాడు. ఎప్పుడైనా విన్నారాండీ అని అడిగారు. విన్నట్టే ఉందండి అన్నాను. గేదె ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు. గైడుగారింట్లో పిల్లి కూడా లేదు.

కొన్నేళ్లుగా ఆయన దగ్గర స్కాలర్లు చేరడం లేదని తెలుస్తూనే ఉంది. ఈ రోజుల్లో పిల్లలు కుర్ర గైడుల్ని కోరుకుంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. మా వైపు ఆయనకి పంటు మాస్టారు అని పేరు పడిందని కూడా తెలుసు. ఎదురుపడితే ఆయన మామూలుగానే పలకరించేవారు. నేనే తొందర పని ఉన్నట్టు జారుకునేవాణ్ణి.

ఈ మధ్యే నాకు గైడుషిప్ వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకి మామిడికుదురు నుంచి ఒక అమ్మాయి సినాప్సిస్ పట్టుకుని నా గదికి వచ్చింది. నది మధ్య దీవుల్లాంటి లంక ఊళ్ల మీద పనిచేస్తానంది. గోదావరి ఒక పక్క కోసుకుపోతుంటే లంకల్లో జనం ఎటు జరిగారు, ఇళ్లు, పొలాలు, చర్చి, గుడి ఏవి ముందు జరిపారు అని ఆ పిల్లకి పట్టుదల. కూర్చోగానే అనేసింది.

"సార్, ముందే చెప్పేస్తున్నానండి. సంచులు మొయ్యమంటే మోస్తాను గానీ, పంటు మీద మాత్రం చెప్పకండి. నాకు పడదు. కళ్లు తిరుగుతాయి."

పంటు ఏంటమ్మా అన్నాను, తెలియనట్టు. ఆ పిల్ల నాకు కథంతా చెప్పింది, గేదెతో సహా. లంకల మీద ఆయన రాసినవన్నీ చదివానని, అసలు ఆయన దగ్గరే చేరాలనుకున్నానని, మనిషి అలాంటివారని అందరూ చెప్పడంతో మానుకున్నానని అంది. ఆ స్కాలర్ ఎవరో ఆ పిల్లకి తెలీదు.

ఇక్కడ సంగతి సూటిగా చెప్పాలి. రిటైర్మెంటు దగ్గరపడ్డ గైడుకి కొత్త స్కాలర్లని ఇవ్వరు. కొత్తవాళ్లని తీసుకోవడానికి మా గైడుగారికి అదే ఆఖరి ఏడాది. ఒక ఖాళీ ఉంది. ఆయన బతుకంతా తిరిగింది లంకల్లోనే. ఆయనకి తెలిసినదంతా అందుకోవడానికి సరిపోయే పిల్ల వచ్చి, నా కథ విని, పక్కకి తిరిగి నా గుమ్మం ఎక్కింది. నాకేమో మొదటి స్కాలర్. నా గది తలుపు మీద పేరు పక్కన గైడు అని రాయించుకోవాలని నాకూ ఆశ ఉంది. సినాప్సిస్ ఉంచి వెళ్లమ్మా, సోమవారం రా అన్నాను.

ఆ శని ఆదివారాలు సినాప్సిస్ చదివాను. ఆ పిల్ల వేసుకున్న ఏ ప్రశ్నకీ నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసినవి రేవులు. ఒడ్డున ఆగిపోయే చదువు నాది. ప్రతి ప్రశ్న కిందా గైడుగారి గొంతు వినిపించింది. ఆదివారం చర్చిలో ఒక పాట మధ్యలో వేళ్లు తప్పాయి. పాస్టరుగారి తమ్ముడు ఆశగా చూశాడు.

సోమవారం చెప్పేశాను.

"ఆ స్కాలర్‌ని నేనేనమ్మా. కథ నేనే కట్టేను."

ఆ పిల్ల నా మొహం కేసి చూసింది.

"మరి సంచండి?"

"ఆయనే మోసేవారు. అందులో నా చాప్టర్లుండేవి."

"మరెందుకు చెప్పేరండి అలాగ?"

"నవ్వుతారని."

"నవ్వేరండి," అంది ఆ పిల్ల. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మీ మాట మీద చేరనండి, మీ మాట మీద మానను కూడా, ఆయన్ని చూసి నేనే తేల్చుకుంటానంది. చాలా న్యాయంగా అనిపించింది.

ముందు నేను ఆయన్ని కలవాలి. ఫోన్ చేస్తే, మాట్లాడాలంటే సాయంత్రం పంటు మీదకి వచ్చెయ్ అన్నారు. రేవులో చూసేసరికి ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. మోకాళ్ల నొప్పులట. రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా దిగి, నన్ను చూసి చెయ్యి ఊపారు. ఇద్దరం మళ్లీ అదే పంటు ఎక్కాం. మన గురించి ఒక కథ తిరుగుతోందండి అని మొదలుపెట్టాను.

"విన్నానోయ్. నీ నోట వినలేదు. చెప్పు."

ఇంజను మొదలైంది. నేను మొత్తం కథ, సంచి, సంతకం అన్నీ ఆయనకే చెప్పాను, ఆ చప్పుడులో గొంతు చించుకుని. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు. చుట్టూ జనం కూడా విన్నారు. సంతకం దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

"వాక్యాలు బావున్నాయి. ఒక్కటీ గోదాట్లో పడలేదు. ఆధారం?"

"లేదండి."

"నువ్వు చేసిన పనుల్లో ఇన్ని ఊళ్లు తిరిగింది ఇదొక్కటేనోయ్. నీ థీసిస్ అయితే నేనూ, వైవాకొచ్చినాయనా చదివేం."

నాకు నవ్వొచ్చింది. క్షమించమని అడిగాను. ఆయన నీళ్ల కేసి చూస్తూ, తనకి పెద్దగా పట్టింపు లేదని, ఇంట్లో ఆవిడే నొచ్చుకుందని చెప్పారు.

"అన్ని డబ్బాలు పంపేను, కథలో గేదెకి కూడా చోటుంది, నా జంతికలకి లేదా అందోయ్."

తల దించుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి సంగతి చెప్పాను. ఆయన ఆఖరి ఖాళీ గురించీ, నేను దాన్ని ఎలా పోగొట్టబోయానో కూడా. అవేవీ ఆయన చెవిన పడినట్టు లేదు.

"లంకలా? ఏ లంక మొదలెట్టింది?"

చెప్పాను. ఇక అవతలి ఒడ్డు వచ్చేదాకా ఆయన ఆపలేదు. ఆ లంకలో బడి ఎన్ని చోట్లకి మారిందో, పాత బావి ఇప్పుడు నది మధ్యలో ఎక్కడ ఉందో వేలితో చూపిస్తూ చెప్పుకుపోయారు. పంటు ఆగాక గుర్తొచ్చినట్టు అన్నారు. కథ చెప్పిన చోటికల్లా వెళ్లి దిద్దడం నా వల్ల కాదట. రాసెయ్యాలట. తనని దేవుణ్ణి చెయ్యొద్దని, అదీ ఆధారం లేని మాటే అవుతుందని హెచ్చరించారు. ఆయన కోప్పడిన రోజులు కూడా రాయమన్నారు. రాస్తున్నాను. ఒకసారి నేను వేరేవాళ్ల పుస్తకంలోంచి ఒక పేరా ఎత్తి రాస్తే, ఆయన ఆ కాగితం చింపి నా జేబులోనే కుక్కి, వారం రోజులు పంటు ఎక్కలేదు.

పిల్లకి పంటు పడదండి అన్నాను.

"వంతెన ఉంది కదోయ్. దిండికి నేనొస్తాను, బస్సులో."

అలా ఆ వారంలోనే ముగ్గురం దిండిలో కలిశాం, చించినాడ వంతెన ఇవతలి చివర. ఆయన బస్సు దిగారు. భుజాన అదే రకం గుడ్డ సంచి, లోపల లంకల పటాలు, పాత కాగితాలు, పైన ఒక స్టీలు డబ్బా. సంచి అందుకోబోయాను. ఆయన వెనక్కి లాక్కున్నారు.

"వద్దోయ్, కథ నిజమైపోతుంది."

ఆయన మోకాళ్లు చూసి బలవంతంగా తీసుకున్నాను. నిజంగానే బరువుంది. ఆయనా ఆ పిల్లా మాటల్లో పడి ముందు నడిచారు. నేను సంచితో వెనక. టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాక ఆయన సినాప్సిస్ పైకి చదవమన్నారు. పక్కనే హౌస్ బోటులో టూరిస్టులు పాటలు పెట్టుకున్నారు. ఇంజనుకేమీ తీసిపోని మోత. ఆ పిల్ల మొదటి వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"కర్త ఎక్కడ దిగిపోయాడమ్మా?"

ఆ పిల్ల ఫక్కున నవ్వి, వాక్యాన్ని రెండు ముక్కలు చేసి గట్టిగా చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి ఇద్దరూ లంక తూర్పు గట్టు ఎప్పుడు తెగిందన్న దాని మీద వాదులాటలో ఉన్నారు. ఆ పిల్ల తగ్గలేదు. ఆయన మొహం చూసి నాకు ఆ రోజుల పంటు గుర్తొచ్చింది. నా టీ చల్లారిపోయింది, నేను ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

లేచేటప్పుడు, రేపే వెళ్లి గైడుగా మీ పేరిచ్చేస్తానండి, అని ఆ పిల్ల ఆయనతో అంది. ఆయన ఆయ్ అని తలూపి, డబ్బా మూత తీసి ముందు నా వైపు జరిపారు. జంతికలు. నేను సంచి మళ్లీ భుజానికి ఎత్తుకున్నాను. ఆ పిల్ల ఒక జంతిక విరుచుకుంటూ నన్ను చూసింది.

"సార్, ఇప్పుడు మీకూ చెప్పుకోడానికి ఒక కష్టం దొరికిందండి."

"చెప్పుకోనియ్యమ్మా," అన్నారు గైడుగారు. "దీనికి ఆధారం ఉంది. మనిద్దరం చూసేం."